మామ్మ ఎక్కడుంది?

"బస్సు దిగేవాళ్ళ ముందు కుంటకు ఇంకెరీ. క్రిస్మస్ మామ్మ కుంటుతూ కనిపిస్తే పిల్లలు జడుసుకుంటారు."

ఆ ఏడు తొలి బస్సు వచ్చిన రోజున ఓయివా భార్యతో అన్న మాట ఇది. కోపంగా అనలేదు. చీపురు ఏ మూల పెట్టాలో చెప్పినట్టు, బూట్లకంటిన మంచు గుమ్మానికేసి కొట్టుకుంటూ చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచీ ఇంకెరి వాకిలి దాటేటప్పుడు కుడి తుంటి మీద బరువు పడ్డప్పుడల్లా పళ్ళు బిగబట్టి, మొహాన నవ్వు చెదరనీయకుండా అడుగు సమంగా వేయడం అలవాటు చేసుకుంది. వంటపాకలోకి వచ్చి తలుపు మూసుకున్నాక దుంగల గోడ పట్టుకుని తనివితీరా కుంటేది. మనిషికి కుంటడానికి కూడా చాటు కావలసివస్తుందని యాభై ఆరేళ్ళు వచ్చేదాకా ఆమెకు తెలియదు.

పేరుకది క్రిస్మస్ తాత ఇల్లు. నిజానికి ఓయివా తండ్రి రెయిన్‌డీర్లను కట్టేసుకున్న దొడ్డి. ఒట్టి మంద మీద బతుకు సాగడం కష్టమయ్యాక, ఓయివా పెద్దింటికి ఎర్ర రంగు వేయించి, చూరు పొడుగునా దీపాలు కట్టి, తెల్లటి గడ్డం తగిలించుకుని లోపల కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోవడం అతని పని. తక్కిన పనికి పేరు లేదు. తెల్లారకముందే లేచి పొయ్యి రాజెయ్యడం, పెద్ద గంగాళంలో పాల జావ అడుగంటకుండా తిప్పుతూ నిలబడడం, అల్లం బిస్కెట్లు కాల్చడం, వచ్చినవాళ్ళకి అద్దెకిచ్చే మందపాటి చలిబట్టలు చెమట వాసన పోయేలా తిరగేసి ఆరబెట్టడం, పాయిఖానాలు కడగడం, తాత గడ్డానికంటిన కాఫీ మరకలు గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి దువ్వడం, ఆపైన ముగ్గుబుట్టలాంటి తెల్లజుట్టు టోపీ పెట్టుకుని, పూల ఏప్రన్ కట్టుకుని, నవ్వుతూ పళ్ళెం పట్టుకుని లోపలికి నడిచిరావడం. ఇదంతా ఏమిటని ఎవరూ అడగలేదు. ఒక్క డాక్టరు మాత్రం అడిగాడు. తుంటిలో ఎముక మీద ఎముక రాసుకుంటోందని ఫోటో చూపించి, "ఏం పని చేస్తుంటారు మీరు?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు పక్కనున్న ఓయివా, "ఇంట్లోనే ఉంటుందండీ," అన్నాడు.

ఆపరేషను చేసి తుంటి కీలు మార్చాలని, చలికాలం మొదట్లో ఫోను చేసి పిలుస్తామని అన్నారు. ఇంకెరికి సొంత ఫోను లేదు. "రోజంతా వంటపాకలోనే కదా, ఇద్దరికీ రెండెందుకు," అని ఎప్పుడో అన్నాడు ఓయివా. ఆసుపత్రిలో ఇచ్చిన నంబరు తాత ఇంటి నంబరే. ఆ ఫోను అతని జేబులో ఉంటుంది. అక్టోబరు గడిచింది, నవంబరు గడిచింది. ఆ ఉత్తరపు కొసన ఎప్పట్లాగే సూర్యుడు కొండవెనక్కి దిగిపోయి ఇక ఆ ఏటికి రావడం మానేశాడు. ఫోను రాలేదు. "వస్తుందిలే, పెద్ద వరస ఉంటుంది వాళ్ళకి," అంటూనే ఉన్నాడు ఓయివా. ఆమె నమ్మింది. నమ్మకపోతే ఇంకేం చెయ్యాలో ఆలోచించాలి, ఆలోచించడానికి కూర్చోవాలి, కూర్చోవడానికి తీరిక లేదు.

క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా ఓయివా జ్వరంతో లేచాడు. నోరు తెరిస్తే గొంతు బదులు గాలి వచ్చింది. ఆ రోజు మామూలు కంటే ఎక్కువ బస్సులున్నాయి. సీజను పనికి పట్టణం నుంచి వచ్చిన విల్యా అనే పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పిన్ని ఉందిగా," అంది. "ఎత్తు సరిపోతుంది. గొంతు కూడా కాస్త బరువే. తాత మాటలన్నీ తనకి కంఠతా వచ్చు."

ఓయివా దుప్పటిలోంచి గుసగుసగా, "ఆడది తాత ఎట్లా అవుతుందే?" అన్నాడు.

"గడ్డం పెట్టుకుంటే అవుతుంది బాబాయ్. నువ్వూ అంతేగా."

అతను భార్య వైపు చూశాడు. "ఎక్కువ మాట్లాడకు. తలాడించు చాలు. మధ్యలో ఖాళీ దొరికితే వెళ్ళి జావ చూడు, ఈ పిల్ల మాడుస్తుంది."

ఇంకెరి ఎర్రకోటు తొడుక్కుంది. భుజాల దగ్గర కొంచెం వదులు. కుర్చీలో కూర్చుంది. అది గొర్రెతోలు పరిచిన వెడల్పాటి కుర్చీ. ఆ తోలు తనే దులిపి, తనే ఎండబెట్టి, తనే పరిచింది కానీ, దాని మీద కూర్చుంటే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళూ ఆమెకు తెలియదు. తుంటి మీంచి బరువు దిగిపోయింది. నొప్పి పోలేదు, కానీ ఎవరో చెవిలో అరవడం మానేసి పక్కగదిలోకి వెళ్ళి అరుస్తున్నట్టు దూరమైంది. ఇంత హాయి రోజూ ఈ గదిలోనే, గోడకి ఇవతలే ఉందా అనుకుంది.

తలుపు తెరుచుకుంది. జనం వచ్చారు. వచ్చినవాళ్ళు ఆమె ముందు ఆగారు. మామ్మ పళ్ళెంతో వచ్చినప్పుడు ఎవరూ ఆగరు. చెయ్యి చాపి బిస్కెట్టు తీసుకుని, మొహం తాత వైపే ఉంచుతారు. ఇప్పుడు బస్సు డ్రైవరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పెద్దపెద్ద మగవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడారు. విల్యా చెప్పకుండానే కాఫీ తెచ్చి చేతికందించింది. ఎవరో ఒకావిడ "అలసిపోయి ఉంటారు తాతగారూ, కాసేపు కాళ్ళు చాపుకోండి," అంది. ఇంకెరికి ఈ మాట కోసం ఒకప్పుడు తను ఎన్ని రోజులు ఎదురుచూసిందో గుర్తొచ్చింది. తర్వాత ఎదురుచూడడం మానేసిన రోజు మాత్రం గుర్తురాలేదు. అది ఎప్పుడు జరిగిందో తనకే తెలియకుండా జరిగిపోయింది.

ఓయివా కుర్చీలో ఉన్నప్పటి గొంతు కూడా గుర్తొచ్చింది. పిల్లలతో ఎంత మెత్తగా మాట్లాడతాడో. కొత్తల్లో ఆ గొంతు వినడానికే గోడకి చెవి ఆనించి నిలబడేది. సాయంత్రం ఆ గొంతు కోటుతోపాటు కొక్కేనికి తగిలించి, ఒట్టి మనిషి ఇంట్లోకొచ్చేవాడు. "చారు చల్లారింది." "కట్టెలు తడిగా ఉన్నాయి." "మంచంలో అమ్మని తిప్పావా?"

మధ్యాహ్నం, ఆకాశం కాసేపు నీలంగా వెలిగి మళ్ళీ నల్లబడే వేళకి బస్సుల మధ్య విరామం దొరికింది. ఇంకెరి గడ్డం గొంతు కిందికి లాక్కుని, చారు గిన్నెతో వెనకగదిలోకి వెళ్ళింది. ఓయివా తల్లి సాయ్మి మంచం పట్టి చాలా ఏళ్ళయింది. నడవలేదు, తనంతట తను ఒత్తిగిల్లలేదు. ఏమైందని ఎవరైనా అడిగితే ఓయివా "ముసలితనం" అంటాడు.

ఎర్రకోటులో కోడల్ని చూసి సాయ్మి నోరంతా తెరిచి నవ్వింది. "ఇదేం వేషమే? మా ఆయన దయ్యమై వచ్చాడనుకున్నాను."

"మీ అబ్బాయికి గొంతు పోయింది అత్తయ్యా. తినండి."

"పాపం వాడు. రోజంతా కూర్చుని కూర్చుని అలిసిపోయాడు."

ఆ మాట వెటకారమో నిజమో ముసలామె మొహం చూసి చెప్పడం కష్టం. ఇంకెరి చెంచా నోటికందించి, "తుంటి బాగయ్యాక నేనూ అలా కూర్చుంటాను. ఏం లాభం, ఆసుపత్రినుంచి ఇంకా ఫోనే రాలేదు," అంది.

సాయ్మి చారు మింగింది. "వచ్చిందిగా," అంది.

"ఏమొచ్చింది?"

"ఫోను. మందని దొడ్లోకి తోలిన వారంలో. వాడు ఇదిగో, ఈ గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. ఈ చలికాలం ఆవిడకి కుదరదండీ, ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అన్నాడు. నీతో చెప్పలేదూ?"

ఇంకెరి ఇంకో చెంచా అందించింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తినిపించింది, అత్తగారి చుబుకం మీద జారిన చారు తుడిచింది, ముసలామెను ఎడమవైపు ఒత్తిగిలించి వీపు వెనక దిండు పెట్టింది. ఇన్ని చేస్తున్నంతసేపూ అక్టోబరు కళ్ళముందు తిరిగింది. ఆ వారంలోనే ఒకరోజు తను వంటపాక మెట్ల దగ్గర కూలబడి లేవలేకపోతే ఓయివా వచ్చి చెయ్యి అందించాడు. "ఇంకొంచెం ఓర్చుకో, వాళ్ళు పిలుస్తారుగా," అన్నాడు. అప్పటికి వాళ్ళు పిలిచేశారు. అతను కాదనేశాడు. కాదని, వచ్చి, చెయ్యి అందించాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉందని, ఎన్నాళ్ళకో దగ్గరగా పట్టుకున్నాడని తను ఆ రాత్రంతా సంతోషపడింది.

చివరి బస్సువాళ్ళు లోపలికి వచ్చారు. దేశం దక్షిణపు కొసనుంచి వచ్చిన ఒక కుటుంబం ముందు నిలబడింది. తండ్రి చేతిలో కెమెరా. తల్లి చేతుల్లో అందరి కోట్లు, టోపీలు, చేతి తొడుగులు, పాలసీసా, తడిసిన ఒక బుల్లి మేజోడు.

"కాస్త పక్కకి జరుగు. సంచులు పడుతున్నాయి ఫోటోలో," అన్నాడు తండ్రి.

ఆమె పక్కకి జరిగింది. ఇంకా పడుతున్నాయన్నాడు. ఇంకా జరిగింది. చివరికి తలుపు పక్కన నీడలో ఆగింది. ఇంకెరి ఆమెనే చూస్తూ ఉండిపోయింది. ఆమె మొహంలో ఏ బాధా లేదు. అలవాటుంది, అంతే.

ఫోటో కోసం ఇంకెరి ఒళ్ళో కూర్చోబెట్టిన వాళ్ళ చిన్నపిల్ల అటూ ఇటూ చూసి అడిగింది. "మామ్మ ఎక్కడుంది?"

రోజుకి ఒక్కసారైనా ఎవరో ఒక పిల్ల ఈ మాట అడుగుతుంది. ఓయివా జవాబు ఎప్పుడూ ఒక్కటే: "వంటింట్లో. ఇంకెక్కడుంటుంది?" పెద్దవాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వే ఇంకెరికి సైగ. నవ్వు వినబడగానే పళ్ళెం పట్టుకుని లోపలికి రావాలి. ఇప్పుడు ఇంకెరి ఏప్రన్ కట్టుకుని, ఇంకెరి పళ్ళెం పట్టుకుని, విల్యా తలుపు సందులోంచి చూస్తోంది, ఆ మాట కోసం.

ఇంకెరి నోరు తెరిచింది. ఆ మాట నాలుక మీదే ఉంది. ఇన్నేళ్ళూ గోడ అవతలనుంచి విన్న మాట, ఎవరూ నేర్పకుండానే వచ్చిన మాట. కానీ తన నోటితో అనబోయేసరికి రాలేదు.

"ఆసుపత్రికి వెళ్ళింది," అంది.

ఎవరూ నవ్వలేదు. కెమెరా కిందికి దిగింది. తలుపు సందులో పళ్ళెం ఆగిపోయింది.

"ఏమైంది తనకి?"

"కాలు నొప్పి. చాలా ఏళ్ళనుంచి."

పిల్ల ఆ ఎర్రకోటు గుండీ తిప్పుతూ ఆలోచించింది. "మరి నువ్వు తీసుకెళ్ళలేదా?"

"లేదు. తనే వెళ్ళింది."

"అయితే జావ ఎవరు వండారు?"

అప్పుడు నవ్వారు అందరూ. తండ్రి మరీ గట్టిగా నవ్వాడు. తలుపు పక్కన కోట్లు మోస్తున్న ఆమె మాత్రం నవ్వలేదు. గడ్డం పైనున్న రెండు కళ్ళవైపు మొదటిసారి తేరిపార చూసింది.

వాళ్ళు జావ తినడానికి వెళ్ళాక ఇంకెరి విల్యా దగ్గర ఫోను తీసుకుంది. ఆసుపత్రిలో ఎత్తిన నర్సు పేరు, పుట్టినతేదీ అడిగి, కాసేపు వెతికింది.

"మీరే వద్దన్నారు కదండీ ఈ చలికాలం."

"నేను అనలేదు."

"మీ ఇంటినుంచే చెప్పారని ఉంది."

"అవును, మా ఇంటినుంచే. నేను కాదు."

నర్సు గొంతు మారింది. "ఇప్పుడైతే మళ్ళీ ఎండాకాలం దాటాల్సిందేనమ్మా. ఒక్కటే దారుంది. పండగ ముందు కొందరు చివరి నిమిషంలో మానేస్తుంటారు. అలా ఖాళీ వస్తే పిలుస్తాం. కానీ పిలిచిన గంటలో ఇక్కడుండాలి. మీరు చాలా దూరం కదా?"

"పట్టణంలోనే ఉంటాను. మా చెల్లెలింట్లో."

"ఎప్పటినుంచి?"

"ఈ సాయంత్రంనుంచి," అంది ఇంకెరి. అనేదాకా ఆ సంగతి ఆమెకూ తెలియదు. "నంబరు మార్చుకోండి. మా చెల్లెలిది చెప్తాను."

ఓయివా వంటింట్లో పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఆమె ఎర్రకోటు విప్పి కుర్చీ వీపు మీద వేసి, చిన్న సంచిలో రెండు జతల బట్టలు, మందులు సర్దుకుంటుంటే మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు.

"అమ్మ చెప్పిందా?" అన్నాడు గుసగుసగా.

"చెప్పింది."

"నీ మంచికే చేశాను. ఈ మంచులో కట్టుతో ఎలా తిరుగుతావు? సీజను కాగానే నేనే తీసుకెళ్దామనుకున్నాను."

"నాతో అనొచ్చుగా."

"అంటే నువ్వు ఒప్పుకునేదానివి. ఎప్పుడు కాదన్నావు గనక? అందుకే అనలేదు."

అతను అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. అడిగి ఉంటే ఒప్పుకునేదే. సరేలే, సీజను కానీ, అనేది. ఆ సంగతే ఆమెకు అన్నింటికన్నా చలి పుట్టించింది. తన 'సరే' ఎంత చవకైపోయిందంటే, అడిగి తీసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు.

"రేపు బస్సులున్నాయి ఇంకెరీ."

"ఉన్నాయి."

"నువ్వు లేకపోతే ఇదంతా ఎలా నడుస్తుంది? ఈ ఇంటికి ప్రాణమే నువ్వు."

కుర్చీలో కూర్చున్నప్పటి ఆ మెత్తటి గొంతుతో అనబోయాడు. గాలే వచ్చింది. ఇంకే ఏడాదైనా ఆ గాలికి కూడా ఆమె కరిగిపోయేది. సంచి జిప్పు లాగింది.

"ఎప్పుడొస్తావు?"

"నడవగలిగాక చూస్తాను."

వెనకగదిలోంచి పిలుపు వినబడింది. "ఇంకెరీ." పక్క మార్చే వేళయింది. ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. రెండోసారి పిలిచింది. ఓయివా భార్యనే చూస్తున్నాడు. ఈ పిలుపుతో ఆమె ఆగిపోతుందని అతని మొహంలో ధీమా. ఆ ధీమా తప్పు కాదు కూడా. ఆమె సంచి కింద పెట్టి వెళ్ళింది.

సాయ్మి కోడలి మెడ చుట్టూ ఉన్న ఊలు శాలువా, చేతి తొడుగులు చూసింది. అడగలేదు. ఇంకెరి ఆమెను కుడివైపు ఒత్తిగిలించి, మోకాళ్ళ మధ్య మెత్త పెట్టి, నైటీ సరిచేసింది. వంగి లేస్తుంటే తుంటిలో కత్తి దిగినట్టయి మంచం కోడు పట్టుకుంది.

"నేను పట్టణం వెళ్తున్నాను అత్తయ్యా. ఎన్నాళ్ళో తెలీదు."

"మరి నన్నెవరు తిప్పుతారు?"

"మీ అబ్బాయి."

"వాడికి చేతకాదు."

"నాకూ చేతకాదు మొదట్లో. మీరే తిట్టి నేర్పారు. తనకీ నేర్పండి."

ముసలామె కళ్ళు గోడవైపే ఉన్నాయి. బయట పట్టణం తిరిగి వెళ్ళే చివరి బస్సు ఇంజను మోగడం మొదలైంది. పిల్లల అరుపులు, మంచు మీద బూట్ల చప్పుడు వినబడుతున్నాయి. ఇంకెరి ఆమె భుజం మీద చెయ్యి వేసి, తీసి, గుమ్మం దాకా నడిచింది. ఈ మనిషి తన వల్ల రేపు తడిసిన పక్కలో పడి ఉంటుందన్న ఆలోచన అడుగుకి అడ్డం పడుతూనే ఉంది. వెనక్కి తిరిగింది.

సాయ్మి గోడకే చెప్పుకుంటున్నట్టు చిన్నగా అంది.

"నా కాలూ ఇలాగే మొదలైంది. అప్పుడే వాడు ఈ ఇంటికి రంగు వేయిస్తున్నాడు, మనుషులు చాల్లేదు. నేను నీలాగే ఫోను కోసం చూస్తూ ఉన్నాను. నాకొచ్చిన ఫోను కూడా వాడే ఎత్తాడమ్మా."

కళ్ళు కోడలి వైపు తిప్పి, "వెళ్ళు," అంది. "డ్రైవరు ఎక్కువసేపు ఆగడు."